సీపీఎస్ నుంచి ఉత్తరం వచ్చిందా? గడువు అప్పుడే మొదలైంది

అమెరికాలో తెలుగువాళ్లు నలుగురు కలిసినచోట సీపీఎస్ పేరు వస్తే మాటలు గుసగుసల్లోకి దిగుతాయి. పిల్లల సంరక్షణ చూసే ఆ ప్రభుత్వ విభాగం గురించి మనవాళ్లలో తిరిగే కథలు చాలావరకు రెండు రకాలు: జైలు, లేదంటే పిల్లల్ని తీసుకెళ్లిపోవడం. 2012 డిసెంబరులో నార్వేలోని ఓస్లో కోర్టు ఆంధ్రప్రదేశ్‌కు చెందిన దంపతులకు జైలు శిక్ష వేసినప్పుడు ఈ భయం మరింత పెరిగింది. కొడుకును బెదిరించినందుకే జైల్లో పెట్టారని అప్పట్లో ప్రచారం జరిగింది. నిజానికి కోర్టు విచారించింది పిల్లాణ్ని పదేపదే హింసించారన్న క్రిమినల్ అభియోగాన్ని.

అమెరికాలో ఎక్కువ దర్యాప్తులు జైలు దాకానో, పిల్లల్ని తీసుకెళ్లేదాకానో పోవు. ఒక ఉత్తరంతో ముగుస్తాయి. ఆరోపణకు ఆధారం దొరకలేదని అందులో ఉండొచ్చు, లేదా పిల్లలపై హింసో నిర్లక్ష్యమో జరిగిందని మేం నిర్ధారించామని ఉండొచ్చు. ఆ నిర్ధారణకు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో పేరు. కాలిఫోర్నియా, న్యూజెర్సీల్లో ‘సబ్‌స్టాన్షియేటెడ్’, న్యూయార్క్‌లో ‘ఇండికేటెడ్’, టెక్సాస్‌లో ‘రీజన్ టు బిలీవ్’. పేరు ఏదైనా దానిమీద అప్పీలు చేసుకోవచ్చు. ఆ సంగతి తెలియక కొందరు, భయంతో కొందరు, ఏమవుతుందిలే అనుకుని మరికొందరు ఆ ఉత్తరాన్ని సొరుగులో పడేస్తారు.

అపోహ: ఇది ప్రభుత్వ తీర్పు. మనం చేయగలిగిందేమీ లేదు.

వాస్తవం: ఇది కోర్టు తీర్పు కాదు. దర్యాప్తు చేసిన కేస్‌వర్కరు, ఆపై సూపర్‌వైజరు కలిసి తీసుకున్న నిర్ణయం. ఆ దశలో జడ్జి ఉండడు, క్రాస్ ఎగ్జామినేషన్ ఉండదు. క్రిమినల్ కేసులో నేరం సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో త్రాసు ఒకవైపు కాస్త మొగ్గితే చాలు.

న్యూయార్క్‌లో చాలాకాలం అంతకూ అవసరం ఉండేది కాదు. ‘కొంత నమ్మదగిన ఆధారం’ ఉంటే చాలు, ఇలా నిర్ధారణైనవాళ్ల పేర్లు నమోదుచేసే రాష్ట్ర రిజిస్టరుకు పేరు ఎక్కేది. దొంగతనం చేసిందని పదకొండేళ్ల కూతురి చెంపమీద కొట్టిన ఓ తల్లి ఈ పద్ధతిని ఫెడరల్ కోర్టులో సవాలు చేసింది. ఇంత తక్కువ ఆధారంతో పేరెక్కించి, ఆ పేరు చూసి ఉద్యోగం ఇవ్వకపోవడం రాజ్యాంగ విరుద్ధమని 1994లో అప్పీళ్ల కోర్టు తేల్చింది. పేరు తొలగించమని అడిగినవాళ్లలో దాదాపు 75 శాతం మంది చివరికి నెగ్గుతున్నారని ఆ తీర్పులోనే ఉంది. అంతమంది నెగ్గుతున్నారంటే మొదట పేరెక్కించడంలోనే లోపం ఉందన్నమాట. అయినా దర్యాప్తు దశలో ప్రమాణాన్ని పెంచే చట్టం అమల్లోకి వచ్చేసరికి 2022 జనవరి 1 అయింది.

అప్పీలు హక్కు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. పిల్లలపై హింస నివారణకు 1974లో వచ్చిన ‘కాప్టా’ అనే ఫెడరల్ చట్టం కింద రాష్ట్రాలు నిధులు తీసుకుంటాయి. నిర్ధారణతో విభేదించేవాళ్లకు అప్పీలు మార్గం ఉండాలన్నది ఆ నిధులకున్న షరతుల్లో ఒకటి.

అపోహ: ‘కేసు మూసేశాం’ అని రాశారు. ఇక గొడవ లేదు.

వాస్తవం: మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కేసు మూయడం వేరు, నిర్ధారణ వేరు. కేసు మూసేశారంటే ఇకమీదట మీ ఇంటికి రారని మాత్రమే అర్థం. అదే ఉత్తరంలో రెండో పేజీలో నిర్ధారణ ఉంటే మీ పేరు రాష్ట్ర రికార్డుల్లో ఏళ్ల తరబడి నిలిచిపోవచ్చు.

గడువులు కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండవు. అప్పీలు కోరడానికి న్యూజెర్సీలో 20 రోజులు, కాలిఫోర్నియాలో 30, టెక్సాస్‌లో 45, న్యూయార్క్‌లో 90 రోజులు ఇస్తారు. టెక్సాస్‌లోని డాలస్‌లో ఉన్న బావమరిది చెప్పిన గడువు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్నవాళ్లకు పనికిరాదు. నియమాలు మారుతుంటాయి కాబట్టి మీకొచ్చిన ఉత్తరంలో రాసిందే ప్రమాణం.

పద్ధతులూ వేరే. టెక్సాస్‌లో మొదటి మెట్టు కాగితాల మీద జరిగే సమీక్ష. న్యూజెర్సీలో పరిపాలనా న్యాయమూర్తి ముందు హియరింగ్ జరుగుతుంది, తుది నిర్ణయం శాఖది. అది నచ్చకపోతే రాష్ట్ర అప్పీళ్ల కోర్టుకు వెళ్లొచ్చు. కాలిఫోర్నియాలో కౌంటీ స్థాయిలో గ్రీవెన్స్ హియరింగ్ ఉంటుంది, ఆ తర్వాత సుపీరియర్ కోర్టు. న్యూయార్క్‌లో ముందు కాగితాలు చూస్తారు. అక్కడ పేరు తొలగకపోతే హియరింగ్ పెడతారు.

అపోహ: రిజిస్టరులో పేరుంటే ఐటీ ఉద్యోగం పోతుంది, వీసా రద్దవుతుంది.

వాస్తవం: ఈ రికార్డులు అందరికీ కనిపించేవి కావు. మామూలు సాఫ్ట్‌వేర్ కంపెనీ చేయించే బ్యాక్‌గ్రౌండ్ చెక్‌కు అవి అందవు. అవి బయటికొచ్చేది పిల్లలతో పనిచేసే చోట్ల: డేకేర్, బడి, పిల్లల సంరక్షణ సంస్థలు, దత్తత, ఫోస్టర్ కేర్. పనిచేసే అనుమతి రాగానే ఇంట్లో డేకేర్ పెట్టుకోవాలనుకునే తల్లికి ఇది పెద్ద అడ్డంకి. దేశమంతటికీ ఒకే రిజిస్టరు పెట్టాలని 2006 నాటి ఆడమ్ వాల్ష్ చట్టం చెప్పినా అది ఆచరణలోకి రాలేదు. అలాగని రాష్ట్రం మారితే తప్పించుకోవచ్చనుకోవద్దు. దత్తతకో, ఫోస్టర్ కేర్‌కో దరఖాస్తు చేస్తే గత అయిదేళ్లలో మీరున్న ప్రతి రాష్ట్రాన్నీ అడుగుతారు.

వీసా సంగతికొస్తే, పిల్లలపై హింస కారణంగా దేశం నుంచి పంపేయడానికి ఇమిగ్రేషన్ చట్టం చూసేది క్రిమినల్ కోర్టులో పడిన శిక్షను. శాఖ ఇచ్చిన నిర్ధారణ శిక్ష కాదు. కానీ పక్కనే క్రిమినల్ కేసు కూడా నడుస్తుంటే లెక్క మారిపోతుంది. అక్కడ ‘ఒప్పేసుకుంటే త్వరగా తేలిపోతుంది’ అన్న సలహా వినేముందు ఇమిగ్రేషన్ లాయర్ని కూడా అడగాలి.

అపోహ: క్రిమినల్ కేసు కొట్టేశారు. రిజిస్టరులో పేరు దానంతటదే పోతుంది.

వాస్తవం: పోదు. లాస్ ఏంజెలిస్ కౌంటీలో 2001లో కూతురి ఆరోపణతో అరెస్టయిన దంపతులున్నారు. క్రిమినల్ కోర్టు వాళ్లను నిర్దోషులుగా ప్రకటించింది. ఆరోపణ నిజం కాదని జువెనైల్ కోర్టు కూడా తేల్చింది. అయినా కాలిఫోర్నియా రిజిస్టరైన కేంద్ర సూచికలో వాళ్ల పేర్లు అలాగే ఉండిపోయాయి. తీసేయమని అడగడానికి సరైన దారే లేకపోవడం రాజ్యాంగ విరుద్ధమని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తర్వాత చెప్పింది.  ఇప్పుడు కాలిఫోర్నియాలో హియరింగ్ హక్కు చట్టంలోనే ఉంది. అయినా అడగాల్సింది మీరే.

దీనికి తిరుగు వైపు కూడా గుర్తుంచుకోవాలి. న్యూయార్క్‌లో ఫ్యామిలీ కోర్టు నిర్లక్ష్యం జరిగిందని తేలిస్తే, రిజిస్టరు హియరింగ్‌లో ఆ విషయాన్ని మళ్లీ వాదించనివ్వరు. కాబట్టి ఫ్యామిలీ కోర్టులో రాజీ కాగితం మీద సంతకం పెట్టేముందే అప్పీలు గురించి ఆలోచించాలి.

అపోహ: పిల్లాడి మీద చెయ్యి వేస్తేనే కేసు. మనం కొట్టం కదా!

వాస్తవం: ఇది రెండు విధాలా తప్పు. హద్దులో ఉండే దండనను తల్లిదండ్రులకు అమెరికాలో ఏ రాష్ట్రమూ పూర్తిగా నిషేధించలేదు. గాయం, వాపు, బెల్టు మచ్చ కనిపించిందంటే హద్దు దాటినట్టు చూస్తారు. మరోవైపు, నిర్ధారణల్లో ఎక్కువ భాగం కొట్టడం గురించి కానే కాదు. 2022లో దేశం మొత్తమ్మీద దాదాపు 5.6 లక్షల మంది పిల్లలను బాధితులుగా నిర్ధారించారు. వాళ్లలో నాలుగింట మూడొంతుల మంది విషయంలో చెప్పింది నిర్లక్ష్యం. శారీరక హింస 17 శాతం.

చిన్నపిల్లను కార్లో వదిలి దుకాణంలోకి వెళ్లిరావడం, ఒంటరిగా ఇంట్లో ఉంచడం, వైద్యం ఆలస్యం చేయడం ఈ కోవలోకి రావొచ్చు. అయితే నిర్లక్ష్యానికి ప్రతి రాష్ట్రానికీ తన నిర్వచనం ఉంది. పిల్లకు హాని జరిగిందా, జరిగే ప్రమాదం నిజంగా ఉందా అన్నది అప్పీలులో ముఖ్యమైన ప్రశ్న అవుతుంది. ఊరి నుంచి వచ్చి మనవళ్లను చూసుకుంటున్న అమ్మమ్మ, నాయనమ్మల మీద కూడా సంరక్షకుల హోదాలో నిర్ధారణ రావొచ్చు.

అపోహ: డాక్టరే రాశాక తిరుగుండదు.

వాస్తవం: డాక్టర్లు, టీచర్లు అనుమానం వస్తే చట్టప్రకారం ఫిర్యాదు చేయాలి. అనుమానం రోగనిర్ధారణ కాదు. మన పిల్లల్లో చాలామందికి పుట్టుకతోనే నడుం కింద, పిరుదుల మీద నీలం, బూడిద రంగు మచ్చలుంటాయి. ఇవి ఆసియా, ఆఫ్రికా మూలాలున్న పిల్లల్లో ఎక్కువ. చూడని కళ్లకు కమిలిన దెబ్బల్లా కనిపిస్తాయి. దెబ్బ రంగు రోజుల్లో మారిపోతుంది, ఈ మచ్చలు నెలలు, ఏళ్లపాటు ఉంటాయి. పుట్టినప్పటి ఆసుపత్రి రికార్డులో ఆ మచ్చల ప్రస్తావన, తేదీలున్న పాత ఫొటోలు, చర్మవైద్యుడి పరీక్ష, ఇవే బలమైన ఆధారాలు. ఎముకలు తేలిగ్గా విరిగే జన్యు సమస్య, రక్తం గడ్డకట్టని జబ్బులు కూడా హింసను తలపించే గుర్తులు చూపిస్తాయి. ఇలాంటిచోట రెండో నిపుణుడి నివేదిక లేకుండా అప్పీలుకు వెళ్లడం అంటే సగం పని వదిలేయడమే.

పసిపిల్లలకు పసిరికలొచ్చాయని పల్లెల్లో పెట్టే నాటు వాతల సంగతి వేరు. అవి నిజంగానే కాల్చిన మచ్చలు. ‘మా ఆచారం’ అన్న జవాబు అక్కడ నిలబడదు. ఎక్కడ, ఎవరు, ఎప్పుడు పెట్టారన్నది కాగితాలతో చూపగలిగితేనే ఆ మచ్చకు మీరు బాధ్యులా కాదా అన్న చర్చ మొదలవుతుంది.

అపోహ: మేం మంచి తల్లిదండ్రులమని పదిమంది చెబితే గెలుస్తాం.

వాస్తవం: హియరింగ్‌లో తేల్చేది మీ మంచితనం కాదు. ఫలానా తేదీన ఫలానా పని జరిగిందా, జరిగితే అది రాష్ట్ర నిర్వచనంలోకి వస్తుందా అన్నదే అక్కడి ప్రశ్న. రుజువు చేయాల్సింది శాఖే. పేరెంటింగ్ తరగతులు పూర్తిచేసిన సర్టిఫికెట్ మంచిదే, కానీ ఆ రోజు ఏం జరిగిందన్న నిర్ధారణను అది చెరిపేయదు. న్యూయార్క్ వంటి చోట పేరు ఉద్యోగాలకు సంబంధించినదా అనే రెండో ప్రశ్న కూడా ఉంటుంది. సర్టిఫికెట్ పనికొచ్చేది ఆ ప్రశ్న దగ్గర.

ముందుగా చేయాల్సింది మీ కేసు ఫైలు అడగడం. ఫిర్యాదు చేసినవారి పేరు తీసేసి ఇస్తారు. మీరు చెప్పిందాన్ని కేస్‌వర్కరు ఎలా రాసుకున్నారో అందులో కనిపిస్తుంది. తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో తడబడుతూ చెప్పిన మాట ఒప్పుకోలుగా నమోదై ఉండొచ్చు. దాన్ని పట్టుకోగలిగేది ఫైలు చదివినప్పుడే. ఫెడరల్ నిధులు తీసుకునే సంస్థలు దుబాసీ సాయం ఇవ్వాలి. తెలుగు దుబాసీని రాతపూర్వకంగా అడగండి. పిల్లల చేత అనువాదం చేయించకండి.

అపోహ: అప్పీలు చేస్తే కక్షగట్టి పిల్లల్ని తీసుకెళ్తారు.

వాస్తవం: పిల్లల్ని ఇంట్లోంచి తీసుకెళ్లడానికి కోర్టు ఉత్తర్వు కావాలి, లేదా అప్పటికప్పుడు ప్రమాదం ఉందని చూపించాలి. అప్పీలు చేయడం అందుకు కారణం కాజాలదు. అప్పీలు చూసేది కూడా దర్యాప్తు చేసిన కేస్‌వర్కరు కాదు.

అపోహ: దంపతులిద్దరికీ కలిపి ఒక అప్పీలు చాలు. లాయర్ని ప్రభుత్వమే ఇస్తుంది.

వాస్తవం: నిర్ధారణ ఒక్కో మనిషి మీద విడిగా ఉంటుంది. ఉత్తరంలో ఇద్దరి పేర్లుంటే ఇద్దరూ విడివిడిగా అప్పీలు కోరాలి. తండ్రి కొట్టాడని, తల్లి ఆపలేదని రాసినప్పుడు ఇద్దరి వాదనలు ఒకదానికొకటి అడ్డుపడతాయి, అప్పుడు ఒకే లాయరు ఇద్దరి తరఫునా వాదించడం కష్టం. ఇలాంటి అప్పీళ్లలో సాధారణంగా ఉచిత లాయరు హక్కు లేదు. న్యాయసేవా సంస్థలను, లా స్కూళ్ల క్లినిక్‌లను అడిగి చూడొచ్చు.

చివరగా ఒక మాట. ఈ రిజిస్టర్లు పెట్టింది పిల్లల కోసమే. నిజంగా హింసించినవాళ్ల పేరు అందులో ఉండాల్సిందే. తప్పుగా ఎక్కిన పేరును తొలగించుకోవడం ఆ వ్యవస్థకు ఎదురు తిరగడం కాదు, దాన్ని సరిగా పనిచేయించడమే. ఉత్తరం చేతికి రాగానే వచ్చిన తేదీని కవరు మీదే రాసిపెట్టుకోండి. వాదన సిద్ధం కాలేదని ఆగకండి. ముందు ఒక పేజీలో అప్పీలు కోరుతున్నామని రాసి, చేరినట్టు రుజువు దొరికేలా పంపండి. ఆధారాలు కూడగట్టుకోవడానికి తర్వాత సమయం ఉంటుంది. గడువు దాటితే మాత్రం, ఎంత గట్టి ఆధారమున్నా చాలాచోట్ల దాన్ని తెరిచి చూసేవాళ్లుండరు.