పెట్టెలోని గసగసాల పొట్లం

ఖరగ్‌పూర్‌లో మా పొరుగున ఉంటున్న విశ్రాంత రైల్వే గార్డు దంపతులు తమ జీవితంలో తొలిసారిగా విదేశయానానికి సిద్ధమయ్యారు. కుమారుడు సౌదీ అరేబియాలోని దమ్మాంలో ఉద్యోగి. కోడలికి నెలలు నిండుతున్నాయి. వీసా కాగితాలలోని ఇంగ్లీషు నిబంధనలను తెలుగులో వివరించమని నన్ను పిలిచారు. నేను వెళ్ళేసరికి పిన్నిగారు పెట్టె సర్దుతున్నారు. ఆవకాయ సీసా, మినపసున్ని ఉండలు, పసిబిడ్డకు సున్నిపిండి. వాటి మధ్య, గుడ్డలో గట్టిగా మూటకట్టిన అరకిలో గసగసాలు.

"మావాడు బెంగాల్‌లో పుట్టి పెరిగినవాడు కదా బాబూ, ఆలూ పోస్తో అంటే ప్రాణం. అక్కడ ఎంత వెదికినా గసగసాలు దొరకడం లేదట," అన్నారామె.

దొరకకపోవడానికి కారణం ఉంది. గసగసాలు నల్లమందు మొక్క కాయలోని గింజలు. మన కిరాణా కొట్టులో అవి వంట దినుసు. సౌదీ అరేబియాలో నిషిద్ధ వస్తువు. పక్కనున్న ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లోనూ అంతే. అక్కడి చట్టం వాటిని మాదకద్రవ్యాల వరుసలో చేర్చింది. మాదకద్రవ్యాల రవాణాకు ఆ దేశంలో మరణశిక్ష కూడా ఉంది. కొంతకాలం నిలిపివేసిన అటువంటి శిక్షల అమలును 2022 నవంబరులో తిరిగి ప్రారంభించారు. ఒక పొట్లం గసగసాలకు అంతటి శిక్ష పడుతుందని కాదు. కాని మనుమడిని చూడబోయిన అమ్మమ్మో, నాయనమ్మో విమానాశ్రయంలోనే విచారణ గదిలో కూర్చోవలసి రావడానికి ఆ పొట్లం చాలు.

ఆమె నిర్ఘాంతపోయి మూటను తీసి పక్కన పెట్టారు.

మందుల సంచి

అప్పుడు గార్డుగారి మందుల సంచి చూడవలసి వచ్చింది. మోకాళ్ళ నొప్పికి ఒక మాత్ర, నిద్రకు ఒకటి, దగ్గుకు ఒక సీసా. ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు, ఆల్ప్రజోలాం వంటి నిద్రమాత్రలు, కోడీన్ కలిసిన దగ్గుమందులు గల్ఫ్ దేశాలలో కట్టుదిట్టమైన నియంత్రణలో ఉన్నాయి. సౌదీలో వీటిని తీసుకువెళ్ళాలంటే ముందుగా అనుమతి పొందాలి. ఇతర మందులనైనా దుకాణం నుంచి వచ్చిన పెట్టెలతోనే, డాక్టరు ఇంగ్లీషులో వ్రాసి ఇచ్చిన చీటీతో కలిపి, ప్రయాణకాలానికి సరిపడినన్ని మాత్రమే ఉంచుకోవాలి. ఇరుగుపొరుగువారు "మా అబ్బాయికి ఇవ్వండి" అని తెచ్చిచ్చే పొట్లాన్ని విప్పి చూడకుండా పెట్టెలో పెట్టరాదు. పెట్టె ఎవరిదో, నేరం వారిది. మద్యం, పందిమాంసం సంగతి చెప్పనక్కరలేదు.

మారినవి, మారనివి

ఆ దేశాన్ని గురించి మనవారికి రెండు రకాల అపోహలు ఉన్నాయి. అడుగు తీసి అడుగు వేస్తే శిక్షేనని కొందరి భయం. ఇప్పుడంతా మారిపోయిందని మరికొందరి ధీమా. నిజం ఈ రెండింటికీ నడుమ ఉంది.

మతాచార పరిరక్షక దళానికి ఉన్న అరెస్టు అధికారాన్ని 2016లో తొలగించారు. స్త్రీలు 2018 జూన్ నుంచి కారు నడుపుతున్నారు. 2019లో పర్యాటకులకు తలుపులు తెరిచారు; విదేశీ స్త్రీలు నల్లని అబాయా ధరించి తీరాలన్న నిర్బంధమూ పోయింది. కాని అదే సంవత్సరం బహిరంగ మర్యాదకు సంబంధించిన నియమావళి వచ్చింది. భుజాలూ మోకాళ్ళూ కప్పే వదులైన దుస్తులు ధరించాలి. అనుమతి లేకుండా ఇతరుల ఫొటోలు తీసినా, వీధిలో చెత్త వేసినా, ప్రార్థన వేళ సంగీతం వినిపించినా జరిమానా. రంజాన్ నెలలో పగటివేళ నలుగురిలో తినడం, త్రాగడం కూడదు. ఇతర మతాల ఆరాధన బహిరంగంగా జరపరాదు. పిన్నిగారి నిత్యపూజ కొడుకు ఇంటి నాలుగు గోడల మధ్యనే జరగాలి. ముస్లిమేతరులకు మక్కా ప్రవేశం లేదు.

ఇంకొక సంగతి మనవారికి తట్టనే తట్టదు. మతాన్ని, పాలకులను గురించి సెల్‌ఫోనులో పంపిన మాట కూడా నేరం కావచ్చు. మతవిలువలకు, ప్రజాశాంతికి భంగకరమైన సందేశాలకు 2007 నాటి చట్టం ప్రకారం అయిదేళ్ళ వరకు జైలు, ముప్ఫై లక్షల రియాళ్ళ వరకు జరిమానా ఉన్నాయి. ఇక్కడ నవ్వుకొని మరచిపోయే పరిహాసాన్ని అక్కడినుంచి ఎవరికీ పంపరాదు.

కాగితం చదివించుకోండి

వీసా చెల్లుబాటు గడువు వేరు. దేశంలో ఉండదగిన రోజులు వేరు. మొదటి సంఖ్యను చూసి రెండవదాన్ని మరచినవారు గడువు మించి నిలిచి జరిమానా కట్టవలసి వస్తుంది. సందర్శక వీసాపై వెళ్ళినవారు కూలికైనా సరే, ఏ పనీ చేయరాదు.

అర్థం కాని అరబ్బీ కాగితంపై సంతకం చేయకండి. కార్మిక ఒప్పందాలలో అరబ్బీ పాఠానికీ ఇంగ్లీషు పాఠానికీ తేడా వస్తే అరబ్బీదే చెల్లుతుందని ఆ దేశపు చట్టం. పోలీసులు పట్టుకుంటే భారత దౌత్యకార్యాలయానికి తెలియజేయమని కోరండి. 1963 నాటి వియన్నా ఒడంబడిక ఇచ్చిన హక్కు అది. దమ్మాంలో ఉన్నవారికి రియాద్‌లోని రాయబార కార్యాలయం దిక్కు.

అయితే దౌత్యాధికారి వకీలును చూపగలడు, ఇంటికి కబురు పంపగలడు. జైలు తలుపు తీయలేడు. 2005లో దుబాయిలో ఒక నేపాలీ కాపలాదారు హత్య కేసులో శిక్షపడిన సిరిసిల్ల ప్రాంతపు కార్మికుల ఉదంతం దీనికి నిదర్శనం. మృతుని కుటుంబం పరిహారం స్వీకరించి క్షమాపత్రం ఇచ్చిన తరువాత కూడా వారి విడుదలకు ఏళ్ళు గడిచాయి. సుమారు 18 సంవత్సరాలు జైలులో ఉండి, చివరకు వారు స్వస్థలం చేరారు. పిల్లలు పెరిగి పెద్దవారైన ఇళ్ళకు వారు తిరిగివచ్చారు. ఆ తీర్పు ఇచ్చింది అక్కడి న్యాయస్థానం. ఆ తలుపు తెరిచిందీ అక్కడి చట్టమే.

ఇదంతా విని పిన్నిగారు దిగులు పడ్డారు. "ఇన్ని నియమాలున్న చోటికి పోవడం అవసరమా?" అన్నారు. గార్డుగారు మాత్రం తల అడ్డంగా ఊపారు.

"నియమాలు లేని చోటు ఎక్కడుందే? కొత్త సెక్షనులో బండి ఎక్కే ముందు మాకు దారి నేర్పేవారు. ఏ మలుపు తరువాత ఏ సిగ్నలో చూసుకొని, దారి తెలిసిందని సంతకం చేస్తేనే డ్యూటీ ఇచ్చేవారు. ఎర్రదీపం దాటిపోయి, నాకు తెలియదండీ అంటే రైల్వే ఊరుకొనేదా? ఇదీ అంతే."

ఆ సాయంత్రం నేను చెప్పినవన్నీ ఆయన పాత నోటుపుస్తకంలో వరుసగా వ్రాసుకున్నారు. చివర తేదీ వేసి, 'చదివి తెలుసుకొంటిని' అని సంతకం చేశారు. పక్కనే పిన్నిగారి చేత కూడా చేయించారు.

గసగసాల మూట మా ఇంటికి వచ్చింది.