ఆరోగ్యంగా కనిపించే పశువుకు రక్తపరీక్ష ఎందుకు?

పాడి ఋణంతో కొన్న గేదెను తనిఖీ చేయుటకు వచ్చినపుడు మేము మొదట దాని చెవి పట్టుకొని బిళ్ళ సంఖ్య చూస్తాము. ఆ చెవి మడతలోనే తరచుగా పిడుదులు కనిపిస్తాయి. కొన్ని ప్రాంతాలలో వీటిని గోమార్లు అంటారు. మనలో చాలామంది వాటిని పీకి గోళ్ళతో నలిపివేస్తారు. ఈ అలవాటు మానుకొనవలెను.

2011 జనవరిలో గుజరాత్‌లోని అహమదాబాద్ జిల్లా కోలట్ గ్రామానికి చెందిన ఒక మహిళ జ్వరంతో, రక్తస్రావంతో మరణించినది. ఆమెకు చికిత్స చేసిన వైద్యుడు, సేవలు చేసిన నర్సు కూడా మరణించారు. అది క్రిమియన్-కాంగో రక్తస్రావ జ్వరమని పూణేలోని జాతీయ వైరాలజీ సంస్థ నిర్ధారించినది. మన దేశంలో ఈ వ్యాధి మనుషులలో ప్రబలినట్లు రుజువు కావడం అదే మొదటిసారి. ఆ తరువాత రాజస్థాన్‌లో కూడా ఇది కనిపించినది.

దీనిలోని చిక్కు ఏమనగా, పశువు జబ్బు పడదు. మేత తగ్గదు, పాలు తగ్గవు. వైరస్ దాని రక్తంలో సుమారు ఒక వారం మాత్రమే ఉండి పోవును. కాని ఆ వారంలో రక్తం పీల్చిన పిడుదు వైరస్‌ను చాలాకాలం మోయును. గ్రుడ్ల ద్వారా పిల్లలకు కూడా అందించగలదు. పశువు రక్తంలో మిగిలేది ప్రతిరక్షకాలు మాత్రమే. అవి కనిపించినచో ఈ వైరస్ ఆ పశువుకు ఎప్పుడో సోకినదని తెలియును. కావుననే పశువైద్య సిబ్బంది ఆరోగ్యంగా ఉన్న పశువుల నుండి రక్తం, వాటి ఒంటి నుండి పిడుదులు సేకరించెదరు.

సూది గుచ్చినచో పాలు తగ్గునని ఒక రైతు నాతో వాదించారు. పరీక్షకు తీసే కొద్దిపాటి రక్తానికి పాలు తగ్గవు. ప్రతిరక్షకాలు ఉన్నంత మాత్రాన పశువు రోగిష్టి కాదు. దానిని తెగనమ్ముకొనవలసిన పని లేదు.

పశువుల వ్యాపారులకు ఒక మనవి. పశువును ఏ సంతలో, ఏ ఊరిలో కొన్నారో దాచవద్దు. మీరు ఒక ఊరు చెప్పి, పశువు మరొక ఊరిదైనచో, పరీక్ష ఫలితం తప్పు ఊరి పేరున నమోదగును. వైరస్ ఉన్న ఊరు మాత్రం లెక్కలోకి రాదు. కొన్న రైతులు కూడా కొత్త పశువును రెండు వారాలు విడిగా కట్టి, పశువైద్యుని సలహాపై పిడుదుల మందు వాడిన పిదపనే మందలో కలపవలెను. కొట్టం గోడల పగుళ్ళను పూడ్చవలెను, పిడుదులు దాగేది అక్కడే. పశువు ఒంటిపై వాటిని చేతి తొడుగులు ధరించి తీసి, కిరోసిన్ సీసాలో వేయవలెను.

ఇంట ఎవరికైనా తీవ్ర జ్వరం వచ్చి, ముక్కు నుండి గాని చిగుళ్ళ నుండి గాని రక్తం కారినచో వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోయి, ఇంట పశువులున్నవని, పిడుదులను ముట్టినారని వైద్యునికి ముందే చెప్పండి. రోగిని తాకకముందే వారు తగిన జాగ్రత్త తీసుకొందురు.