కోడ్ దక్కింది, చర్చ పోయింది

2017 జనవరి 31 రాత్రి, కోడ్ ప్రాజెక్టులను ఆన్‌లైన్‌లో దాచిపెట్టే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు డేటాబేసును చక్కదిద్దే పనిలో ఉన్నారు. నకలు ఉన్న సర్వరు అనుకుని అసలు సర్వరులోనే చెరిపివేత ఆదేశం ఇచ్చారు. పొరపాటు గ్రహించి క్షణాల్లో ఆపినా, సుమారు 300 జీబీల డేటాలో మిగిలింది 4.5 జీబీలే.

బ్యాకప్‌ల కోసం వెతికారు. రోజూ తయారవ్వాల్సిన నకలు అసలు తయారే కావడం లేదు. డేటాబేసు వెర్షన్ ఒకటి, నకలు తీసే ప్రోగ్రాము వెర్షన్ మరొకటి. ఆ సంగతి హెచ్చరించాల్సిన ఈమెయిళ్లు దారిలోనే తిరస్కరణకు గురయ్యాయి. చివరికి ఆదుకున్నది, వేరే పని కోసం ఆరు గంటల ముందు చేత్తో తీసిన నకలు. ఆ తర్వాత చేరిన సమాచారం మాత్రం దక్కలేదు. సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలపై ఆ దెబ్బ పడింది.

అంత జరిగినా కోడ్ రిపాజిటరీలు చెక్కుచెదరలేదు. అవి ఆ డేటాబేసులో ఉండవు. పైగా ఆ రిపాజిటరీలను నడిపేది, మార్పులను నమోదు చేసేందుకు లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించిన గిట్. దాని స్వభావమే వేరు. ఎవరు క్లోన్ చేసుకున్నా తాజా ఫైళ్లతో పాటు మార్పుల చరిత్రంతా వారి కంప్యూటరుకు వస్తుంది. ప్రతి మార్పుకూ దాని సారం నుంచే లెక్కగట్టిన వేలిముద్ర ఉంటుంది. అందులో ముందటి మార్పు వేలిముద్ర కూడా కలుస్తుంది కాబట్టి, మధ్యలో ఏది చెడినా పరీక్షిస్తే బయటపడుతుంది.

కానీ ఆ మార్పు ఎందుకు చేశారో ఎక్కడుంటుంది? ఎవరు లోపం చెప్పారు, ఏ పరిష్కారాన్ని ఎందుకు కాదన్నారు, చివరికి ఎవరు ఆమోదించారు అన్నవన్నీ ఇష్యూల్లో, సమీక్షల్లో ఉంటాయి. ఈ మెటాడేటా ఉండేది డేటాబేసులో, క్లోన్‌తో రాదు. అది పోతే ఇల్లు నిలిచి, ఇంటి దస్తావేజులు కాలిపోయినట్టే.

రిపాజిటరీలకైనా మిర్రర్, అంటే ఎప్పటికప్పుడు అసలుతో సరిపోలే నకలు, ఒక్కటే చాలదు. 2013లో కేడీఈ అనే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు సర్వరులో ఫైల్‌సిస్టమ్ చెడి, సుమారు 1,500 రిపాజిటరీలు ప్రమాదంలో పడ్డాయి. మిర్రర్లు ఆ చెడునే తెచ్చుకున్నాయి. అది ఇంకా చేరని ఒక్క సర్వరు వల్ల గండం గడిచింది. మిర్రర్ నేటి స్థితిని చూపిస్తుంది. బ్యాకప్ నిన్నటిని దాచిపెడుతుంది.

కాబట్టి రిపాజిటరీని అన్ని శాఖలతో, ట్యాగులతో సహా బండిల్‌గా, అంటే ఒకే ఫైలుగా తీసి తేదీలవారీగా దాచాలి. ఇష్యూలు, సమీక్షలు, వ్యాఖ్యలను ఏపీఐ ద్వారా విడిగా దించుకోవాలి. ఎల్‌ఎఫ్‌ఎస్ అనే గిట్ అనుబంధంలో ఉంచిన పెద్ద ఫైళ్లను మరవకూడదు. వీటన్నిటినీ వేరే ఖాతాలో, వేరే చోట ఉంచాలి. 2014లో కోడ్ స్పేసెస్ సంస్థ క్లౌడ్ ఖాతాలోకి చొరబడినవారు డేటాతో పాటు బ్యాకప్‌లనూ చాలావరకు తుడిచేశారు. ఆ సంస్థ మూతపడింది.

ఇంతా చేశాక అసలు పరీక్ష మిగిలే ఉంటుంది. ఖాళీ యంత్రంలో ఆ బ్యాకప్‌ను తిరిగి నిలబెట్టండి. పాత మార్పు ఒకటి తెరవండి. "412వ ఇష్యూ చూడండి" అని అందులో రాసి ఉంటే, ఆ ఇష్యూ తెరిచి చూడండి. నాటి వాదన మొదటి మాట నుంచి చివరి మాట దాకా కనిపిస్తే, మీ దగ్గర బ్యాకప్ ఉన్నట్టు.