గల్ఫ్ ఉపాధికి వలస అనుమతి తప్పనిసరి

పదవ తరగతి ఉత్తీర్ణులు కాని వారికి సాధారణంగా ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు జారీ అవుతుంది. 1983 వలసల చట్టం ప్రకారం, ఈ పాస్‌పోర్టుపై గల్ఫ్ దేశాలకు ఉపాధి నిమిత్తం వెళ్లేవారు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి పొందవలసి ఉంటుంది. సందర్శక వీసాకు ఈ అనుమతి అవసరం లేదు. దీనిని ఆసరాగా చేసుకొని కొందరు దళారులు కార్మికులను ఆ వీసాలపై పంపుతున్నారు.

ఇట్లు వెళ్లినవారికి అక్కడ పనిచేయు హక్కు ఉండదు. వేతనం అందకపోయినచో చూపుటకు ధ్రువీకృత ఒప్పందం ఉండదు. ప్రమాదంలో మరణించినా, శాశ్వత అంగవైకల్యం సంభవించినా 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా రక్షణ కూడా కుటుంబానికి దక్కదు.

ఏజెంటు రిజిస్ట్రేషన్‌ను ఇ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూసుకొనవలెను. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం ప్రతులను ఒక జత ఇంటివద్ద ఉంచవలెను. గమ్యం చేరిన పిదప నివాస గుర్తింపు కార్డును గడువులోగా పొంది, సకాలంలో పునరుద్ధరించుకొనవలెను.