భూఅయస్కాంత తుఫానులు — మిన్నున వీచు గాలులు

సికింద్రాబాదు నందలి లాలాగూడ యనగానే 1893లో స్థాపితమైన రైల్వే కర్మాగారము జ్ఞప్తికి వచ్చును. దానికి కొలది దూరముననే, హబ్సిగూడలో, 1961లో నెలకొల్పబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కలదు. భూమియొక్క అయస్కాంత బలమును కొలుచు వేధశాలను ఈ సంస్థ 1964లో ప్రారంభించెను. రైళ్లు, ఇనుము, విద్యుత్తు ఇట్టి సూక్ష్మమైన కొలతలను చెఱచును. కావున నగరమునకు దూరముగా చౌటుప్పల్ వద్ద మరియొక వేధశాల ఏర్పడినది.

భూమి ఒక పెద్ద అయస్కాంతము. సూర్యునినుండి వెలువడిన విద్యుత్కణముల వెల్లువ రెండు మూడు దినములలో వచ్చి ఈ అయస్కాంత కవచమును తాకినపుడు వేధశాలలోని పరికరములు చలించును. దీనినే భూఅయస్కాంత తుఫాను అందురు. పేరు తుఫానే గాని, లాలాగూడలో ఒక వేపాకైనను కదలదు. బంగాళాఖాతమున పుట్టు వాయుగుండము వంటిది కాదిది. అయినను మిన్నున, నూరు కిలోమీటర్లకు పైన, నిజముగనే గాలి రేగును.

అది ఎట్లనగా: సాధారణ దినములలో అచ్చటి పలుచని గాలిని సూర్యుడు వేడిచేయును, గాలి పగటి వైపునుండి రాత్రి వైపునకు వీచును. తుఫాను వేళ ధ్రువముల చెంత బలమైన విద్యుత్ప్రవాహములు సాగి, అచ్చటి గాలిని కుంపటివలె కాచును. వేడెక్కిన గాలి వ్యాకోచించి పైకి లేచి, రెండు ధ్రువముల వైపునుండి భూమధ్యరేఖ దెసకు సెకనుకు వందల మీటర్ల వేగముతో పరుగెత్తును. భూభ్రమణమువలన అది పడమరకు ఒరుగును. ఆ అలజడి కొన్ని గంటలలోనే మన తలలపైకి వచ్చును.

దక్షిణ భారతపు కొనమీద, సుమారు 105 కిలోమీటర్ల ఎత్తున, పగటివేళ తూర్పునకు ఒక విద్యుత్ప్రవాహము సాగుచుండును. తుఫాను గాలులు దానిని బలహీనపఱచును. ఒక్కొక్కప్పుడు పడమరకు త్రిప్పును. తమిళనాడులోని ఎట్టయపురము కొలతలను హైదరాబాదు కొలతలతో పోల్చి శాస్త్రజ్ఞులు ఈ మార్పును గుర్తింతురు.

ఇందు మనకేమి యని అడుగవచ్చును. గాలి వ్యాకోచించినచో, తక్కువ ఎత్తున తిరుగు ఉపగ్రహములకు అడ్డు హెచ్చును. 2022 ఫిబ్రవరిలో అమెరికాలో ఒకేసారి ప్రయోగించిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహములలో దాదాపు 40 ఈ కారణముననే నశించినవి. ఉపగ్రహ సంకేతములు అలజడిచెందిన అయనావరణమును దాటివచ్చునపుడు దారి చూపుటలో పొరపాట్లు కలుగును. సముద్రముపై జీపీఎస్‌ను నమ్ముకొన్న జాలరికి, భూమి కొలుచు సర్వేయరుకు ఇది పట్టవలసిన విషయమే.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోటనుండి బయలుదేరిన ఆదిత్య-ఎల్1 పదునైదు లక్షల కిలోమీటర్ల దూరమున నిలిచి, సూర్యునినుండి వచ్చు ఈ వెల్లువను పరిశీలించుచున్నది. 2024 మే నెలలోని మహా తుఫాను వేళ లడఖ్‌లోని హాన్లే ఆకాశము ఎఱ్ఱబారినది. ఆ దినమున కూడ మన పొలములలో పనులు ఎప్పటివలెనే సాగినవి.

కనుక అయస్కాంత తుఫాను వచ్చునని విన్నపుడు రైతు సోదరులు దుక్కి మానవలసిన పనిలేదు, పుకార్లకు చెవియొగ్గవలసిన పనియు లేదు. సముద్రముపైకి పోవువారు మాత్రము జీపీఎస్‌తో పాటు దిక్సూచిని, చుక్కల గుఱుతులను గూడ మఱువకుండుట మేలు.