ఉమ్ అల్ క్వైన్ తీరాన భూగోళ పాఠం

పదవ తరగతి ఫలితాలు వెలువడగానే తెలుగు ఇళ్లలో సాగే చర్చలో భూగోళశాస్త్రం పేరు వినబడడం అరుదు. గణితమా, జీవశాస్త్రమా అన్నది తేలిన తరువాత, మిగిలిన వారికి మిగిలిన విషయంగానే అది చెలామణి అవుతున్నది. నదులు, రాజధానుల పేర్లు కంఠస్థం చేయడమే భూగోళమన్న అపోహ ఇందుకు మూలం. పదకొండు, పన్నెండు తరగతుల పాఠ్యక్రమాన్ని ఒకసారి తిరగేస్తే ఈ అపోహ నిలవదు. భూస్వరూపాల పుట్టుక, వాతావరణ చలనం, సముద్రజలాల లవణీయత మొదలైనవన్నీ భౌతిక, రసాయన శాస్త్రాలు ఆరుబయట పనిచేసే తీరే. సి.బి.ఎస్.ఇ. వారు ఈ విషయంలో నూటికి 30 మార్కులు ప్రయోగ విభాగానికే కేటాయించారు. అవి పటాలు గీయడంతో, పట్టికలు నింపడంతో సరిపోతే అది విద్యార్థికి నష్టమే.

ఉమ్ అల్ క్వైన్‌లో ఆ నష్టం మరీ ఎక్కువ. ఏడు ఎమిరేట్లలో జనాభా రీత్యా అతి చిన్నదైన ఈ చోటు, తీరప్రాంత భూస్వరూపాల అధ్యాయానికి సజీవ నమూనా. ఇసుక దిబ్బలు, సినియా మొదలైన దీవులు సముద్రానికి అడ్డుగా నిలువగా, వాటి వెనుక ఖోర్ అల్ బైదా అనే లోతులేని ఉప్పునీటి కయ్య ఏర్పడింది. సూళ్లూరుపేట ప్రాంతీయులకు వెంటనే పులికాట్ సరస్సు స్ఫురించక మానదు. అక్కడ శ్రీహరికోట ఎలాగో, ఇక్కడ సినియా అలాగ.

పోలిక అంతవరకే. పులికాట్‌కు కాళంగి, ఆరణి నదులు మంచినీరు తెస్తాయి. ఈశాన్య ఋతుపవనాలలో ఉప్పదనం తగ్గి, వేసవిలో పెరుగుతుంది. ఉమ్ అల్ క్వైన్‌కు నది లేదు. ఏటా కురిసేది సుమారు 100 మిల్లీమీటర్లు. సముద్రం నుంచి ఆవిరయ్యేది మీటరుకు మించి. మహాసముద్రాలలో కిలో నీటికి సగటున 35 గ్రాముల లవణాలుండగా, గల్ఫ్‌లో 40 గ్రాముల దరిదాపుల్లో ఉంటాయి. కయ్యలో చేరిన నీరు ఇంకా చిక్కబడుతుంది.

ఈ తేడాను కొలవడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. సముద్రం నుంచి ఒక సీసా, కయ్య లోపలి కొస నుంచి ఒక సీసా నీరు తెచ్చి, బడి ప్రయోగశాలలోని సిల్వర్ నైట్రేట్‌తో క్లోరైడ్‌ను నిర్ణయించి, దానిని 1.8తో గుణిస్తే చాలు. సముద్రజలంలోని ముఖ్య లవణాల పరస్పర నిష్పత్తి దాదాపు స్థిరమని, ఛాలెంజర్ నౌక సేకరించిన 77 నమూనాలను విశ్లేషించి డిట్మార్ 1884లో నిరూపించాడు. నీటిని ఇగిర్చి మిగిలిన ఉప్పును తూచడం తేలికగా తోచవచ్చు. కాని మెగ్నీషియం క్లోరైడ్ తేమను ఒక పట్టాన వదలదు, వేడి మించితే విచ్ఛిన్నమవుతుంది. ఆ తూకాన్ని నమ్మరాదు.

కయ్య అంచున, సముద్రమట్టానికి కాస్త ఎత్తులో, తెల్లని పొర కట్టి చదునుగా పరుచుకున్న నేలను అరబ్బులు సబ్ఖా అంటారు. దాని అడుగున కొద్ది లోతులోనే ఉప్పునీరు ఉంటుంది. ఎండ తాపానికి ఆ నీరు మట్టి సందుల గుండా పైకి ప్రాకి ఆవిరవుతూ లవణాలను వరుసగా విడిచిపెడుతుంది: మొదట కాల్షియం కార్బొనేట్, సముద్రజలం ఐదోవంతుకు ఇగిరేసరికి జిప్సం, పదోవంతుకు వచ్చాకే తినే ఉప్పు. చినగంజాం, నౌపడా ఉప్పు మడులలో నీటిని ఒక మడి నుంచి మరొక మడికి మళ్లించడంలోని మర్మమూ ఇదే. ఇక్కడ ఆ పని మనిషి ప్రమేయం లేకుండా సాగుతుంది. అబూధాబీ సబ్ఖాలో అన్‌హైడ్రైట్ నేటికీ రూపొందుతున్నదని షియర్‌మన్, ఆయన సహచరులు 1963లో ప్రకటించారు. గల్ఫ్‌లోని అనేక చమురు నిక్షేపాలపై ప్రాచీన కాలపు అన్‌హైడ్రైట్ పొరలే మూతగా ఉన్నాయి. మనవారిని ఇంతదూరం రప్పించిన చమురు కోట్ల ఏళ్లుగా జారిపోకుండా నిలిచిందంటే, అందులో ఈ ఉప్పునేలల పాలు తక్కువేమీ కాదు.

కయ్యలోని మడచెట్లూ చూడదగినవే. కోరంగిలో మడజాతులు అనేకం. ఇక్కడ సహజంగా పెరిగేది తెల్లమడ ఒక్కటే. దాని ఆకును వేలితో తుడిచి నాలుకకు తాకిస్తే ఉప్పు తెలుస్తుంది.

ఈ చదువుకు ఇంటి గడప దగ్గరా పనుంది. 2024 ఏప్రిల్ 16న కురిసిన వానకు అల్ ఐన్ సమీపంలోని ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటల లోపే 254.8 మిల్లీమీటర్లు నమోదయింది. తీరపట్టణాల వీధులలో నీరు రోజుల తరబడి నిలిచిపోయింది. ఎడారి ఇసుక నీటిని పీల్చుకోలేదెందుకని పలువురు విస్తుపోయారు. కాంక్రీటు, మురుగుకాలువల కొరత కొంత కారణం. పల్లపు తీరభూమిలో అడుగునే నీరు ఉన్నందున, పైనీరు ఇంకడానికి చోటు లేకపోవడం మరొకటి. కయ్య నుంచి లోతట్టుకు సాగే ఒక సరళరేఖపై నాలుగైదు చోట్ల, అనుమతి తీసుకుని చిన్న గుంతలు త్రవ్వి, ఎంత లోతున నీరు తగిలిందో పటంపై గుర్తించవచ్చు. చలికాలపు వానలకు ముందొకసారి, తరువాత మరొకసారి చేస్తే, ఏ వీధి ముందు మునుగుతుందో ఆ పటంలోనే చాలావరకు కనబడుతుంది.