కుక్కర్ పిడి ఎందుకు కరగదు?

ప్లాస్టిక్ మగ్గును పొయ్యికి ఆనించి మరిచిపోతే వంగిపోతుంది. ఆ పొయ్యి మీదే రోజూ కూర్చునే ప్రెషర్ కుక్కర్‌కు ఉన్న నల్లటి పిడి కూడా ప్లాస్టిక్కే. ఏళ్ల తరబడి వేడి తగిలినా అది మెత్తబడదు. మంట నేరుగా సోకితే మాడుతుంది, ఘాటు వాసన వేస్తుంది, బీటలు వారుతుంది. కరిగి కారడం మాత్రం ఉండదు.

తేడా అంతా అణువుల అల్లికలో ఉంది. మగ్గు, కుర్చీ, బకెట్ లాంటివాటిలో పొడవాటి అణువుల గొలుసులు దేనికదే విడిగా ఉంటాయి. వేడెక్కితే ఒకదాని మీద ఒకటి జారతాయి, చల్లబడితే ఆగిపోతాయి. అందుకే వాటిని కరిగించి మళ్లీ పోత పోయొచ్చు. పిడిలో ఉన్నది థర్మోసెట్. తయారీలో వేడి తగిలినప్పుడో, గట్టిపరిచే రసాయనం కలిసినప్పుడో దాని గొలుసుల మధ్య అడ్డంగా బంధాలు పడతాయి. వస్తువు మొత్తం ఒకే వల అవుతుంది. ఉడికిన ఇడ్లీని మళ్లీ పిండిగా మార్చలేనట్టే, ఆ వలనూ వేడితో విప్పలేం.

ఈ కథకు మన లక్కతో చిన్న సంబంధం ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో విద్యుత్ పరికరాలకు ఇన్సులేషన్‌గా వాడిన షెల్లాక్ లక్కపురుగుల నుంచి వచ్చేది, అందులో పెద్ద భాగం భారతదేశం నుంచే. దానికి ప్రత్యామ్నాయం వెతుకుతూ, బెల్జియంలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ లియో బేక్‌లాండ్ ఫినాల్‌నూ ఫార్మాల్డిహైడ్‌నూ కలిపాడు. అంతకుముందూ కొందరు కలిపారు కానీ వాళ్లకు మిగిలింది బుడగలు నిండిన పనికిరాని ముద్ద. ఆ చర్యలో నీరు పుడుతుంది, వేడికి అది ఆవిరై పదార్థాన్ని నురగలా పొంగిస్తుంది. బేక్‌లాండ్ గట్టి ఒత్తిడి పెట్టి ఆ పొంగును అణిచాడు. 1907లో పేటెంట్‌కు దరఖాస్తు చేశాడు, 1909లో బేకలైట్ అనే ఈ థర్మోసెట్‌ను లోకానికి ప్రకటించాడు.

ఇలా వచ్చిన ఉత్త రెసిన్, అంటే గట్టిపడ్డ జిగురు పదార్థం, మాత్రం పెళుసు. చేయి జారితే పగిలేది. అందులో మెత్తటి చెక్కపొడి కలిపితే దెబ్బ తట్టుకుంది. ఇలా ఒకదాని లోపాన్ని మరొకటి పూడ్చే జంట పదార్థాన్నే కాంపోజిట్ అంటారు. పాతకాలపు నల్లటి స్విచ్చులు, ప్లగ్గులు, టెలిఫోన్లు ఈ జాతివే. అన్నీ నలుపో ముదురు గోధుమో కావడం ఎవరి అభిరుచీ కాదు. ఫినాల్ రెసిన్ సహజంగానే ముదురు రంగుకు తిరుగుతుంది.

వడ్రంగి కోసి పడేసిన సన్‌మైకా ముక్క అంచు చూడండి. పైన సన్నటి రంగు పొర, కింద గోధుమ రంగు. కిందిది ఫినాల్ రెసిన్‌లో తడిపిన క్రాఫ్ట్ కాగితాల దొంతర. పై కాగితానికి మాత్రం మెలమైన్ రెసిన్ పట్టిస్తారు, అది పారదర్శకం కాబట్టి కింద అచ్చేసిన టేకు చారలు కనిపిస్తాయి. అన్నిటినీ కలిపి వేడి ప్రెస్సులో నొక్కితే కాగితాలన్నీ ఒకే పలక అవుతాయి. వేడి గిన్నె దించినా చప్పున మచ్చ పడని ఆ టేబుల్, నిజానికి కాగితమే! మెలమైన్ పళ్లేలదీ అదే కుటుంబం. కరగవు గదా అని వాటిని మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. ఎక్కువ వేడికి మెలమైన్, ఫార్మాల్డిహైడ్ కొద్దికొద్దిగా ఆహారంలోకి చేరతాయి.

కాగితం స్థానంలో గాజు నారను పెడితే దారి సముద్రానికి పోతుంది. మన కోస్తాలో చెక్క తెప్పల చోట వచ్చిన ఫైబర్ బోట్లు ఇవే. అచ్చులో గాజు నార చాపను పరిచి, గట్టిపరిచే మందు కలిపిన పాలిస్టర్ రెసిన్‌ను బ్రష్షుతో తడుపుతూ పొర మీద పొర వేస్తారు. లాగే బలాన్ని నార మోస్తుంది. నార చెదరకుండా రెసిన్ పట్టి ఉంచుతుంది. ఉప్పునీటికి తుప్పు లేదు, పురుగు తొలవదు. బాత్రూం తలుపులు, వీధి మీటరు పెట్టెలు, సెల్‌ఫోన్ లోపలి ఆకుపచ్చ సర్క్యూట్ బోర్డు, అన్నిటిలోనూ గాజు, రెసిన్‌ల ఈ పొత్తే. అనంతపురం వైపు కొండల మీద తిరిగే గాలిమరల రెక్కలదీ ఇదే ఒడుపు, కొలత మాత్రం పెద్దది.

చిక్కు ఆ రెక్కలను దించినప్పుడు మొదలవుతుంది. ఇరవై, ఇరవై అయిదేళ్లకు వాటి ఆయుష్షు తీరుతుంది. పాత సామాన్లు కొనేవాడు కుక్కర్ అల్యూమినియం తూకం వేసుకుని పిడిని పక్కన పడేస్తాడు, ఎందుకంటే దాన్ని కరిగించే కొలిమి లేదు. రెక్కకూ అదే గతి. అమెరికాలోని వయోమింగ్‌లో ముక్కలు కోసి మట్టిలో పూడ్చిపెట్టారు. కొన్నిచోట్ల సిమెంటు బట్టీల్లో వేస్తున్నారు. రెసిన్ ఇంధనమవుతుంది, గాజు సిమెంటులో కలుస్తుంది. నార మాత్రం నారగా తిరిగి రాదు. 2011లో పారిస్‌లో లుడ్విక్ లైబ్లర్ బృందం చూపిన విట్రిమర్లు వేరే దారి పట్టాయి. వీటిలో వల తెగదు, బాగా వేడెక్కినప్పుడు బంధాలు తమలో తాము చోటు మార్చుకుంటాయి. అంటే గట్టిపడ్డ ముక్కను మళ్లీ వంచి కొత్త రూపం ఇవ్వొచ్చు. మామూలు రెసిన్‌తో ధరలో పోటీ పడే స్థితికి అవి ఇంకా రాలేదు.